పాఠం ఆమెది, పేరు హిల్బర్ట్‌ది

ఆల్జీబ్రాని ఉర్దూలో జబ్రో ముకాబలా అంటారు. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ రాసిన పుస్తకం పేరు లోంచి వచ్చిన మాట. జబ్ర్ అంటే విరిగినదాన్ని అతకడం. ఉర్దూలో దానికే బలవంతం, జులుం అని కూడా అర్థం. ఎమ్మీ నోయెథర్ బతుకులో రెండూ ఉన్నాయి.

1882లో జర్మనీలోని ఎర్లాంగెన్‌లో యూదుల ఇంట పుట్టింది. 1907లో డాక్టరేటు. ఆ తర్వాత ఏళ్ల తరబడి జీతం లేని చాకిరీ. 1915లో హిల్బర్ట్ గొట్టింగెన్‌కు పిలిస్తే, ఆడదానికి ఆచార్య పీఠమేమిటని తోటి ఆచార్యులే అడ్డుపడ్డారు. పాఠం ఆమె చెప్పేది, ప్రకటన హిల్బర్ట్ పేరుతో వెలువడేది. సొంత పేరుతో చెప్పే హక్కు 1919లో గాని రాలేదు.

1921లో ఆమె రాసిన వ్యాసం ఆల్జీబ్రా దారి మార్చింది. ముందున్నవి అంకెలా, బహుపదులా అన్నది ఆమెకు ముఖ్యం కాదు. వాటి మధ్య సంబంధం ఏమిటి, ఏ నియమానికి అవి కట్టుబడి ఉంటాయి అన్నదే లెక్క.

1933లో హిట్లర్ సర్కారు మాత్రం ‘నువ్వెవరు?’ అనే అడిగింది. యూదు గనక ఉద్యోగం ఊడింది. ఇంట్లోనే పాఠాలు చెప్పింది. ఒక శిష్యుడు నాజీ దళం యూనిఫాంలో వచ్చి కూచున్నా చెప్పింది. అది ఆమె పెద్దమనసు అంటారు. ఆ పిల్లాడికి సిగ్గనిపించలేదా అని నా అనుమానం.

అమెరికా వెళ్లి బ్రిన్ మార్ కాలేజీలో చేరింది. 1935లో ఆపరేషన్ తర్వాత చనిపోయింది. తమ్ముడు ఫ్రిట్జ్, ఆయనా గణిత ఆచార్యుడే, సోవియట్ రష్యా చేరాడు. జర్మనీలో యూదని తరిమిన మనిషిని అక్కడ జర్మనీ గూఢచారి అని 1937లో పట్టుకున్నారు. 1941లో కాల్చేశారు.