ఎల్.ఎస్.టి.-325: యుద్ధ ట్యాంకుల రవాణా నౌక సేవాప్రస్థానం

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ట్యాంకులను, సైనిక వాహనాలను రేవు సదుపాయం లేని తీరాలకు నేరుగా చేర్చేందుకు నిర్మించిన నౌకలను ల్యాండింగ్ షిప్, ట్యాంక్ (ఎల్.ఎస్.టి.) అని వ్యవహరించేవారు. అమెరికాలో ఇటువంటివి వెయ్యికి పైగా నిర్మితమయ్యాయి. యుద్ధానంతరం వాటిలో అధికభాగం తుక్కుగా మారిపోగా, నేటికీ స్వయంగా ప్రయాణించగల స్థితిలో నిలిచిన అరుదైన నౌక ఎల్.ఎస్.టి.-325.

నిర్మాణ విశేషాలు

1940లో డంకర్క్ నుంచి సేనలను ఉపసంహరించుకున్న బ్రిటన్, భారీ ఆయుధ సామగ్రిని అక్కడే విడిచిపెట్టవలసి వచ్చింది. తిరిగి ఐరోపా గడ్డపై అడుగుపెట్టాలంటే ట్యాంకులను ఒడ్డున దించగల నౌక అనివార్యమైంది. 1941 నవంబరులో అమెరికా నౌకానిర్మాణ నిపుణుడు జాన్ నీడర్‌మైర్ దీనికి తొలి నమూనా గీశారు. నడిసముద్రంలో స్థిరత్వానికి లోతు అవసరం; తీరాన్ని చేరడానికి లోతు తక్కువగా ఉండాలి. ఈ రెండు అవసరాలను తొట్లలోకి సముద్రజలాన్ని నింపడం, తోడివేయడం ద్వారా ఆయన సమన్వయపరిచారు. నౌక ముందుభాగంలోని తలుపులు తెరుచుకోగానే వాలుబల్ల దిగి వాహనాలకు దారి ఏర్పడుతుంది. ఒడ్డుకు చేరేముందు వెనుకవైపు వదిలిన లంగరును లాక్కుంటూ నౌక తిరిగి సముద్రంలోకి వెళ్తుంది. పొడవు 328 అడుగులు, వెడల్పు 50 అడుగులు. వేగం గంటకు సుమారు 12 నాటికల్ మైళ్లు మాత్రమే కావడంతో నావికులు దీనిని 'పెద్ద, నిదానపు గురి' అని పరిహాసమాడేవారు.

యుద్ధసేవలు

ఫిలడెల్ఫియా నౌకానిర్మాణ కేంద్రంలో రూపుదిద్దుకున్న ఎల్.ఎస్.టి.-325, 1942 అక్టోబరు 27న జలప్రవేశం చేసి, 1943 ఫిబ్రవరి 1న నౌకాదళ సేవలో చేరింది. అదే సంవత్సరం సిసిలీ, సలెర్నో దాడులలో పాల్గొన్నది. 1944 జూన్‌లో నార్మండీ దాడి సందర్భంగా ఒమాహా తీరానికి అదనపు బలగాలను చేరవేసింది. అనంతరం 1945 ఏప్రిల్ వరకు ఇంగ్లండు, ఫ్రాన్సుల మధ్య 40కి పైగా పర్యాయాలు ప్రయాణించింది. 1944 డిసెంబరు 28న ఫ్రాన్సు తీర సమీపంలో మునిగిపోతున్న 'ఎంపైర్ జావెలిన్' నౌక నుంచి సుమారు 700 మందిని కాపాడటం ఈ సేవలలో ప్రముఖమైనది.

యుద్ధానంతర జీవితం

1946 జూలై 2న విశ్రాంతి పొందిన నౌకను 1950 దశకంలో తిరిగి వినియోగంలోకి తెచ్చి, ఉత్తర ధ్రువ ప్రాంతంలోని రాడార్ కేంద్రాల నిర్మాణానికి సామగ్రిని తరలించారు. 1964లో గ్రీసుకు అప్పగించగా, 'సైరోస్' నామధేయంతో 1999 వరకు అక్కడి నౌకాదళంలో పనిచేసింది.

స్వదేశాగమనం

తాము పనిచేసిన నౌకలలో ఒక్కటైనా భావితరాలకు మిగలాలని అమెరికాకు చెందిన మాజీ నావికులు సంకల్పించారు. 2000లో క్రీటు ద్వీపానికి చేరుకుని, శిథిలావస్థలోని నౌకకు స్వయంగా మరమ్మతులు నిర్వహించారు. వారి సగటు వయస్సు సుమారు 72 సంవత్సరాలు. శీతకాలపు అట్లాంటిక్‌లో వయోవృద్ధులు ఇంత పాత నౌకను నడపడం ప్రమాదకరమన్న ఆందోళన వ్యక్తమైనా వారు వెనుదీయలేదు. రాబర్ట్ జోర్న్‌లిన్ సారథ్యంలో నవంబరు 14న బయలుదేరి, జిబ్రాల్టర్ మీదుగా 2001 జనవరి 10న అలబామా రాష్ట్రంలోని మొబీల్ రేవుకు చేరారు.

2005 నుంచి ఈ నౌక ఇండియానా రాష్ట్రం ఎవాన్స్‌విల్‌లో ఓహియో నదిపై స్మారక ప్రదర్శనశాలగా ఉన్నది. ఈ నౌక ఆ నగరంలో నిర్మితమైనది కాకపోయినా, యుద్ధకాలంలో 167 ఎల్.ఎస్.టి.లను నిర్మించిన ఘనత ఎవాన్స్‌విల్‌కు దక్కింది. నాడు వాటిని నిర్మించిన కార్మికులకు, నడిపిన నావికులకు ఈ ఒక్క నౌకే ఉమ్మడి స్మారకమైంది.