తరగతి గదిలో చంద్రావతరణము

పశ్చిమ ప్రకాశంలోని త్రిపురాంతకము శ్రీశైలమునకు తూర్పు ద్వారమని ప్రసిద్ధి. ఆ ఊరి పేరులోనే ఒక కథ ఉన్నది. ఆకాశమున తిరుగాడు మూడు పురములు ఒకే వరుసలోనికి వచ్చు క్షణమునకై శివుడు వేచియుండి, ఒక్క బాణముతో వాటిని కూల్చెనట. పురాణము విజ్ఞానము కాదు. కాని కదలుచున్న లక్ష్యమును కొట్టవలెనన్న బలముతో పాటు సరియైన వేళ కూడ కావలెనను మాట రెండింటికిని సమానమే. 2023 ఆగస్టు 23 సాయంకాలము మన విద్యార్థులు చూచినది అటువంటి వేళనే.

ఆనాటి ముచ్చటకు వెనుక కొంత చరిత్ర కలదు. 1969లో ఆర్మ్‌స్ట్రాంగు చంద్రునిపై అడుగిడినప్పుడు మన గడియారములలో జూలై 21, సోమవారము, ఉదయము 8 గంటల 26 నిమిషములు. అనగా పిల్లలు బడికి బయలుదేరు సమయము. ప్రపంచమున సుమారు 60 కోట్లమంది ఆ దృశ్యమును చూచిరని అంచనా. అప్పటికి భారతదేశములో టెలివిజన్ ఢిల్లీకే పరిమితము. తెలుగు విద్యార్థులకు రేడియో, మరునాటి వార్తాపత్రిక, ఇవే చంద్రుని చూపిన కిటికీలు.

తెలుగు పల్లెలకు టెలివిజన్‌ను తెచ్చినది కూడ అంతరిక్ష విజ్ఞానమే. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు అమెరికావారి ఏ.టి.ఎస్-6 ఉపగ్రహము ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు కార్యక్రమములు ప్రసారమైనవి. ఇనుప తీగవలతో చేసిన 3 మీటర్ల గొడుగు వంటి ఆంటెన్నా ఆకాశమునుండి వచ్చు సంకేతమును పట్టుచుండెను. ఉదయము బడిపిల్లలకు ఒక్కొక్క భాషలో 22½ నిమిషముల పాఠము. పల్లె బడిలో కూర్చున్న పిల్లవానికి ఉపగ్రహము ఇట్లు ఉపాధ్యాయునికి తోడైనది.

ఇక చంద్రయాన్-3 సంగతి. 2023 జూలై 14న మధ్యాహ్నము 2 గంటల 35 నిమిషములకు మన శ్రీహరికోట నుండి అది బయలుదేరినది. దిగు దినమును సూర్యుడే నిర్ణయించెను. చంద్రునిపై పగలు మనకు దాదాపు 14 దినములు. సౌరఫలకములతో పనిచేయు నౌక ఆ పగటిని పూర్తిగా వాడుకొనవలెనన్న అక్కడ తెల్లవారగానే దిగవలెను. అవతరణము సాయంకాలము 6 గంటల 4 నిమిషములకు కుదిరినది. అది బడులు మూయు వేళ దాటిన సమయము. అందుచేత 5.30 నుండి 6.30 వరకు ప్రత్యేక సమావేశములు జరిపి విద్యార్థులకు చూపవలసినదిగా విశ్వవిద్యాలయ నిధుల సంఘము విద్యాసంస్థలను కోరినది. ఇస్రోవారి యూట్యూబ్ ప్రసారమును ఒకే సమయమున 80 లక్షలకు పైగా చూచిరి.

తెరపై పిల్లలకు ముఖ్యముగా కనిపించినది ఏమి? ఒక వంపుగీత, మారుచున్న అంకెలు. సుమారు 30 కి.మీ. ఎత్తున నౌక వేగము సెకనుకు 1.68 కి.మీ. దానిని సుమారు 19 నిమిషములలో దాదాపు శూన్యమునకు తేవలెను. చంద్రునినుండి రేడియో సంకేతము మనలను చేరుటకు సుమారు 1.3 సెకనులు, మన ఆజ్ఞ తిరిగి వెళ్లుటకు మరి అంత. ఆ వ్యవధిలో నౌక 4 కి.మీ. సాగిపోవును. కనుక చివరి ఘట్టమున శాస్త్రజ్ఞులును మన పిల్లలవలె ప్రేక్షకులే. నిర్ణయములన్నియు నౌకలోని గణనయంత్రమువే.

ఇట్టి ప్రత్యక్ష ప్రసారములో ఒక సాహసము కూడ కలదు. ఫలితము ఎవరికిని ముందు తెలియదు. 1986 జనవరి 28న అమెరికాలో అనేక తరగతుల పిల్లలు చూచుచుండగనే ఛాలెంజర్ నౌక 73 సెకనులలో నాశనమై, ఉపాధ్యాయిని క్రిస్టా మెకాలిఫ్‌తో సహా ఏడుగురు మరణించిరి. 2019 సెప్టెంబరు 7 తెల్లవారుజామున చంద్రయాన్-2 దిగుచుండగా, క్విజ్ ద్వారా ఎన్నికైన విద్యార్థులు బెంగుళూరులోనే ఉండిరి. 2.1 కి.మీ. ఎత్తువరకు సవ్యముగా సాగి, తరువాత సంబంధము తెగినదని అధ్యక్షుడు కె. శివన్ ప్రకటించిరి. పిల్లల ఎదుట గది నిశ్శబ్దమైనది.

ఆ నిశ్శబ్దమునకు సమాధానమే చంద్రయాన్-3. మొదటి నౌక ఇంజనులు అనుకొన్నదానికన్న ఎక్కువ త్రోపునిచ్చినవి, తప్పులు పేరుకొన్నవి, దిగవలసిన చోటు 500 మీటర్ల చదరమే. రెండవసారి ఇంజనులు ఐదునుండి నాలుగైనవి, కాళ్లు బలపడినవి, చోటు 4 కి.మీ. పొడవు, 2.5 కి.మీ. వెడల్పునకు పెరిగినది. దిద్దుకొన్న తప్పులే ఆ సాయంకాలము చప్పట్లైనవి.

ఆగస్టు 23 ఇప్పుడు జాతీయ అంతరిక్ష దినము. ఇకముందు పిల్లలకు ఇట్టి దృశ్యము చూపు ఉపాధ్యాయులు ముందుగా నల్లబల్లపై ఆ వంపుగీతను గీయుట మేలు. ఎత్తు ఎంత, వేగము ఎంత, ఎక్కడ ప్రమాదము అని వివరించినచో, గీత దారి తప్పినను పిల్లవాడు కన్నీటితో ఆగిపోడు. ‘ఎందుకు తప్పినది?’ అని అడుగును. ఆ ప్రశ్నకు జవాబు వెదకుటకే బడి ఉన్నది.