ఐటింగన్: ఫ్రాయిడ్ శిష్యుడు, స్టాలిన్ గూఢచారి, ఒకే ఇంటిపేరు

ఐటింగన్ అనే ఇంటిపేరు 20వ శతాబ్ది చరిత్రలో రెండు చోట్ల కనిపిస్తుంది. మాక్స్ ఐటింగన్ సిగ్మండ్ ఫ్రాయిడ్‌కు అత్యంత సన్నిహితుడు. నౌమ్ ఐటింగన్ ట్రాట్‌స్కీ హత్యకు పథకం నడిపిన సోవియట్ గూఢచారి. ఈ పేరు కలయికే మాక్స్‌పై, ఆయన చనిపోయిన నాలుగు దశాబ్దాల తర్వాత, పెద్ద ఆరోపణకు ఊతమిచ్చింది.

మాక్స్ (1881–1943)

నేటి బెలారుస్‌లోని మొగిలేవ్‌లో యూదు కుటుంబంలో పుట్టారు. బొచ్చుతోళ్ల వ్యాపారులైన ఆ కుటుంబం జర్మనీలోని లైప్‌జిగ్‌లో స్థిరపడింది. 1907లో జ్యూరిక్ నుంచి వియన్నా వెళ్లి ఫ్రాయిడ్‌ను కలిశారు. 1920లో కార్ల్ అబ్రహాం తదితరులతో కలిసి బెర్లిన్‌లో మనోవిశ్లేషణ చికిత్సాలయం స్థాపించారు. దాని ఖర్చులో చాలాభాగం ఆయనే భరించారు. ఫీజు ఇచ్చుకోలేని రోగులకూ అక్కడ చికిత్స అందేది. శిక్షణ పొందేవారు ముందు తాము విశ్లేషణకు లోనుకావడం, సిద్ధాంతం చదవడం, పర్యవేక్షణలో రోగులను చూడడం అనే పద్ధతి అక్కడే రూపుదిద్దుకుంది. హిట్లర్ అధికారంలోకి వచ్చాక 1933లో జర్మనీ విడిచి జెరూసలేం చేరారు.

నౌమ్ (1899–1981)

మొగిలేవ్ ప్రాంతంలోనే ఉన్న ష్క్లోవ్‌లో పుట్టారు. లియోనిద్ అన్న పేరుతోనూ ప్రసిద్ధులు. స్పెయిన్ అంతర్యుద్ధంలో కోటోవ్ పేరుతో పనిచేశారు. 1940 ఆగస్టులో మెక్సికోలో ట్రాట్‌స్కీని చంపిన రామోన్ మెర్కాదెర్‌ను నడిపింది ఆయనే. 1951లో స్టాలిన్ ప్రభుత్వమే ఆయనను అరెస్టు చేసింది. స్టాలిన్ మరణం తర్వాత విడుదలైనా, బేరియా పతనంతో మళ్లీ జైలు పాలై 1964 వరకు అక్కడే ఉన్నారు.

అనుమానం ఎక్కడిది?

1937లో పారిస్‌లో ప్రవాస రష్యన్ జనరల్ మిల్లర్‌ను సోవియట్ ఏజెంట్లు అపహరించారు. ఆ కేసులో శిక్షపడిన గాయని ప్లెవిత్స్కయాకు మాక్స్ ఆర్థిక సాయం చేసేవారు. పైగా ఆయన కుటుంబానికి సోవియట్ దేశంతో బొచ్చుతోళ్ల వ్యాపారం ఉండేది. వీటిని జోడించి 1988లో అమెరికా పత్రికలో ఒక వ్యాసం మాక్స్‌ను స్టాలిన్ హంతక ముఠాతో ముడిపెట్టింది. అదే ఏడాది చరిత్రకారుడు థియోడర్ డ్రేపర్ దాన్ని ఖండించారు. ఇద్దరూ అన్నదమ్ములన్న మాటకు ఆధారం లేదని చూపారు. ఆ వంశానికే చెందిన మేరీ-కే విల్మర్స్ 2009లో వారిపై పుస్తకం ప్రచురించారు.

పేరు, పరిచయం, డబ్బు: ఈ మూడూ అనుమానానికి చాలుతాయి, నేర నిరూపణకు చాలవు.