కళ్లద్దాలు కారణం కాదు: బడిలో వేధింపులను ప్రపంచం ఎలా గుర్తించింది?

ఈ ఎపిసోడ్‌లో మాట్లాడబోయే విషయానికి తెలుగులో సరైన పేరు లేదు. బుల్లీయింగ్ అంటున్నాం, ర్యాగింగ్ అంటున్నాం, పుస్తకాల్లో వేధింపులు అని రాస్తున్నాం. బడిలో పిల్లలు మాత్రం 'ఏడిపించడం' అంటారు. ఆ మాటను ఒకసారి గమనించండి. ఎగతాళి చేయడానికీ, నిజంగా కన్నీళ్లు పెట్టించడానికీ మనకు ఒకటే మాట. అందుకే పట్టుబడ్డ కుర్రాడు "ఊరికే ఏడిపిస్తున్నాం సార్" అంటాడు, సార్ కూడా నవ్వి వదిలేస్తారు. పేరు లేని బాధను ఎవరికైనా చెప్పుకోవడం కష్టం. ఈ విషయంలో ప్రపంచంలో జరిగిన పని కూడా ఒక పేరు వెతుక్కోవడంతోనే మొదలైంది.

అది 1969, స్వీడన్. పీటర్ పాల్ హైనెమాన్ అనే డాక్టరు ఒక పత్రికలో వ్యాసం రాశాడు. ఆయన దత్తత తీసుకున్న కొడుకు నల్లజాతి పిల్లవాడు. తోటి పిల్లలు గుంపుగా చేరి ఆ పిల్లవాణ్ణి ఎలా వెంటబడి తరుముతున్నారో ఆయన కళ్లారా చూశాడు. దానికి ఏం పేరు పెట్టాలి? పక్షుల, జంతువుల ప్రవర్తన మీద కొన్రాడ్ లోరెంజ్ రాసిన పుస్తకం స్వీడిష్ అనువాదంలో ఆయనకు 'మాబ్నింగ్' అనే మాట దొరికింది. చిన్న పక్షులన్నీ ఒక్కటై పెద్ద పక్షి మీద పడటం అని దాని అర్థం. మన ఊళ్లలో గద్ద కనబడితే కాకులన్నీ అరుస్తూ వెంటబడవూ, అదే. 1972లో హైనెమాన్ ఇదే విషయం మీద పుస్తకం కూడా రాశాడు. ఆ మాట స్వీడన్ అంతటా పాకింది. అప్పటిదాకా 'పిల్లల గొడవ'గా చెలామణీ అయినదానికి పేరు వచ్చింది కాబట్టి తల్లిదండ్రులు బడికి వెళ్లి నిలదీయగలిగారు.

ఆ పేరుతో ఒక చిక్కు కూడా వచ్చింది. కాకులు ఎందుకు గద్ద వెంటబడతాయి? అది వాటికంటే వేరు కాబట్టి అనిపిస్తుంది. బడిలో కూడా అంతే, ఎవడు భిన్నంగా ఉంటే వాడి మీద అందరూ పడతారు, అది ప్రకృతి అనే అర్థం అందులోంచి పుట్టుకొచ్చింది. ఇప్పటికీ మనం నమ్ముతున్నది అదే కదా. కళ్లద్దాలు పెట్టుకున్నవాడు 'సోడాబుడ్డి', లావుగా ఉంటే 'బండోడు', నత్తి ఉంటే 'నత్తోడు'. కాబట్టి ఆ పిల్లలను వేధిస్తారు, పాపం ఏం చేస్తాం అనుకుంటాం.

ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టినవాడు డాన్ ఓల్వేయస్. స్వీడన్‌లో పుట్టి, నార్వేలోని బెర్గెన్‌లో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త. 2020లో చనిపోయారు. 1973లో స్వీడిష్‌లో వచ్చిన ఆయన పుస్తకమే బడి వేధింపుల మీద శాస్త్రీయంగా జరిగిన తొలి పెద్ద అధ్యయనం. ఆయన చేసిన పని వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. వేధింపులకు గురయ్యే అబ్బాయిల్లో ఎందరికి కళ్లద్దాలో, ఎర్రజుట్టో, లావో, వేరే యాసో ఉందని టీచర్లను అడిగాడు. చాలామందికే ఉంది. అంతటితో ఆపేస్తే పాత నమ్మకం గెలిచేదే. కానీ ఎవరూ జోలికి వెళ్లని అబ్బాయిల గురించి కూడా అవే ప్రశ్నలు అడిగాడు. వాళ్లలోనూ దాదాపు అంతే మందికి ఏదో ఒకటి ఉంది!

ఈ ఫలితం దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే తర్వాతి కథంతా దీని మీదే నిలబడింది. భిన్నంగా లేని పిల్లలంటూ ఎవరూ లేరు. వేధించాలనుకున్నవాడికి ఎదుటివాడిలో ఏదో ఒకటి దొరుకుతుంది. అంటే కళ్లద్దాలు కారణం కాదు, సాకు. మరి అసలు కారణం ఏమిటి? వేధించేవాడికి బలం ఉంది, అవతలివాడు తిరగబడలేడు, తిరగబడినా పక్కన ఎవరూ నిలబడరు. ఓల్వేయస్ ఇచ్చిన నిర్వచనంలోని మూడు ముక్కలూ ఇక్కడివే. కావాలని చేయడం, మళ్లీ మళ్లీ చేయడం, బలాబలాల్లో తేడా. అందుకే ఆయనకు 'గుంపు' అనే మాట కూడా అంతగా నచ్చలేదు. గుంపు అనేసరికి తప్పు అందరిదీ, అంటే ఎవరిదీ కాదు. నిజానికి పదే పదే చేసేవాళ్లు కొద్దిమందే ఉంటారు, వాళ్లెవరో క్లాసులో అందరికీ తెలుసు.

మన బళ్లలో టీచర్లు చేసే ఒక పని ఇక్కడే తేలిపోతుంది. ఇద్దరినీ పిలిచి "ఇద్దరిదీ తప్పే, చేతులు కలపండి" అంటారు చూడండి. సమ ఉజ్జీల మధ్య పోట్లాట అయితే అది బాగానే ఉంటుంది. ఇది పోట్లాట కాదు. చేయి కలిపిన రోజు సాయంత్రం గేటు దాటాక ఏం జరుగుతుందో ఆ బాధపడ్డ పిల్లవాడికి తెలుసు, రెండోసారి చెప్పడు.

సరే, చరిత్రలోకి వద్దాం. 1982 చివర్లో నార్వే పత్రికల్లో ఒక వార్త వచ్చింది. ఉత్తర నార్వేలో 10 నుంచి 14 ఏళ్ల లోపు ముగ్గురు అబ్బాయిలు ప్రాణాలు తీసుకున్నారు, తోటి పిల్లల తీవ్ర వేధింపులే కారణమై ఉంటాయని. దేశం కదిలిపోయింది. 1983 శరదృతువులో విద్యాశాఖ దేశవ్యాప్తంగా ఉద్యమం మొదలుపెట్టింది. టీచర్లకు 32 పేజీల పుస్తకం, బడి ఈడు పిల్లలున్న ప్రతి ఇంటికీ నాలుగు పేజీల కరపత్రం, వేధింపులకు గురైన ఇద్దరు పిల్లల మీద 25 నిమిషాల వీడియో, పేరు రాయనక్కర్లేని ప్రశ్నపత్రం. దాదాపు 1,30,000 మంది పిల్లల జవాబులు చూస్తే, సుమారు 15 శాతం మంది ఈ వ్యవహారంలో ఉన్నారు, కొందరు బాధితులుగా, కొందరు బాధపెట్టేవాళ్లుగా. అంటే దాదాపు ప్రతి ఏడుగురిలో ఒకరు.

ఇక్కడ నాకు చాలా ఆసక్తి కలిగించే సంగతి ఒకటుంది. అదే ఉద్యమం రెండు చోట్ల రెండు ఫలితాలిచ్చింది. బెర్గెన్‌లో 42 బళ్లలో 2,500 మంది పిల్లలను ఓల్వేయస్ బృందం రెండేళ్లకు పైగా గమనించింది. వేధింపులు సగానికి, కొన్నిచోట్ల సగానికన్నా ఎక్కువగా తగ్గాయి. నార్వేలోనే ఉన్న రోగాలాండ్ ప్రాంతంలో ఎర్లింగ్ రోలాండ్ 1986లో కొలిచి చూస్తే తగ్గలేదు సరికదా, కొంచెం పెరిగాయి. పుస్తకం అదే, వీడియో అదే. మరి తేడా ఎక్కడొచ్చింది? బెర్గెన్ బళ్లకు పరిశోధకులు వచ్చి, మీ బడిలో పిల్లలు ఇలా రాశారు, ఇప్పుడేం చేస్తారు అని అడిగారు. మిగతాచోట పెట్టె వచ్చింది, అల్మరాలోకి వెళ్లింది. రోగాలాండ్‌లో కూడా గట్టిగా పనిచేసిన బళ్లు మిగతావాటికంటే మెరుగ్గానే ఉన్నాయి. గోడ మీద పోస్టర్ అంటించి, ఒక శనివారం ఉపన్యాసం పెట్టించి పని అయిపోయిందనుకునే యాజమాన్యాలకు ఈ ఒక్క పోలిక చాలు.

అలాగని బెర్గెన్ అంకెను తలకెక్కించుకోవాల్సిన పని కూడా లేదు. 2009లో ఫారింగ్టన్, టోఫీ అనే ఇద్దరు అనేక దేశాల కార్యక్రమాలను కలిపి లెక్కవేస్తే సగటు తగ్గుదల 20 శాతం పైచిలుకు తేలింది. చాలా దేశాల్లో సగానికి సగం తగ్గలేదు. అయినా అయిదుగురిలో ఒక పిల్లవాడికి ఉపశమనం దొరికితే దాన్ని చిన్నదని నేను అనను.

తర్వాతి ముఖ్యమైన అడుగు ఫిన్లాండ్‌ది. 1996లో క్రిస్టినా సల్మివల్లి, ఆమెతో పనిచేసినవాళ్లు ఆరో తరగతి పిల్లలను గమనించి, వేధింపు ఇద్దరి మధ్య జరిగేది కాదని చూపించారు. వేధించేవాడు ఉంటాడు, చేయి కలిపేవాడు ఉంటాడు, పక్కన నిలబడి నవ్వేవాళ్లు ఉంటారు, నాకెందుకులే అని తప్పుకునేవాళ్లు ఉంటారు, అడ్డుపడేవాళ్లు కొద్దిమంది ఉంటారు. నవ్వేవాళ్లు లేకపోతే ఆట సాగదు. కెనడాలో 2001లో వచ్చిన ఒక అధ్యయనం ఆటస్థలంలో జరిగేదాన్ని రికార్డు చేసి చూసింది. 88 శాతం సందర్భాల్లో చుట్టూ పిల్లలున్నారు. 19 శాతం సందర్భాల్లోనే ఎవరో ఒకరు అడ్డుపడ్డారు. అలా అడ్డుపడ్డ వాటిలో సగానికి పైగా పది సెకన్లలోపే ఆగిపోయాయి. పది సెకన్లు అండీ! "ఒరేయ్ వదిలెయ్యరా" అనడానికి పట్టే సమయం.

ఈ ఆలోచన మీదే ఫిన్లాండ్ ప్రభుత్వం డబ్బిస్తే తుర్కు విశ్వవిద్యాలయం 'కివా' అనే కార్యక్రమం తయారుచేసింది. 2009 నుంచి దేశమంతా అమలు చేశారు. ఇంటర్వెల్‌లో కాపలా ఉండే టీచర్లు దూరం నుంచి కనబడేలా మెరిసే కోటు వేసుకుంటారు. వినడానికి తమాషాగా ఉంటుంది గానీ, మన బళ్లలో బాత్రూమ్ దగ్గర, మెట్ల కింద, ఆటో స్టాండులో ఏ పెద్దవాళ్లూ కనబడరన్నది గుర్తుచేసుకుంటే ఆ కోటు విలువ అర్థమవుతుంది.

మరి, తేడాలను గౌరవించడం నేర్పడం సంగతేమిటి? అది సాకే అయితే నేర్పక్కర్లేదా? నేర్పాలి. ఏ తేడాను సాకుగా వాడుకోవచ్చో పిల్లలకు చెప్పేది పెద్దవాళ్లే కాబట్టి నేర్పాలి. 1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన మర్నాడు అమెరికాలో అయోవా రాష్ట్రం రైస్‌విల్ అనే చిన్న ఊళ్లో జేన్ ఎలియట్ అనే టీచరు తన మూడో తరగతి పిల్లలను కళ్ల రంగును బట్టి రెండుగా విడదీసింది. ఒక రంగు వాళ్లు గొప్ప అని చెప్పింది, తర్వాత తిరగేసింది. నిన్నటిదాకా కలిసి ఆడుకున్న పిల్లలు గంటల్లో మారిపోయారు. చిన్నపిల్లల మీద అలాంటి ప్రయోగం చేయొచ్చా అన్న విమర్శ ఉంది, నేనూ ఏ టీచరునూ చేయమనను. కానీ అది చూపించింది మాత్రం కొట్టిపారేయలేం. టీచరు నోటి మాటతో కళ్ల రంగు కూడా కులమైపోతుంది.

మనకు దీనికి అయోవా దాకా వెళ్లక్కర్లేదు. సతారా బడిలో చిన్నప్పటి అంబేడ్కర్ ఇంటి నుంచి గోనెపట్టా తెచ్చుకుని దాని మీద వేరుగా కూర్చునేవారు. నీళ్ల కుళాయి ముట్టకూడదు, బంట్రోతు విప్పితేనే నీళ్లు, బంట్రోతు లేకపోతే దాహమే. ఇవి ఆయనే రాసుకున్న సంగతులు. అక్కడ పిల్లల గుంపు కంటే ముందు బడే ఆ పని చేసింది. అలాంటి బడిలో పిల్లలకు సహనం మీద పద్యం అప్పజెప్పిస్తే ఏం లాభం?

చట్టాల సంగతికొస్తే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం తెచ్చింది. అందరి దృష్టీ కాలేజీల మీదే నిలిచింది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ, మానసిక వేధింపునూ నిషేధించింది, దాన్ని ప్రధానంగా టీచర్ల బెత్తానికే అన్వయించుకున్నాం. ఏడో తరగతి వాడు ఆరో తరగతి వాణ్ణి రోజూ ఏడిపించడం మధ్యలో జారిపోయింది. శ్రీకాకుళం నుంచి విజయవాడ హాస్టల్‌కు వచ్చిన పిల్లవాడి యాసను వార్డెన్ అనుకరించి నవ్వితే, ఆ రాత్రి నుంచి గదిలో అందరికీ అది లైసెన్సు. పాలమూరు పిల్లకైనా, కర్నూలు పిల్లకైనా అంతే. సినిమాల్లో ఏళ్ల తరబడి ఏ యాసను ఎవరి నోట పెట్టి నవ్వించామో మీకు తెలుసు, మళ్లీ నేను చెప్పక్కర్లేదు.

ఈసారి పేరెంట్స్ మీటింగుకి వెళ్లినప్పుడు మార్కుల సంగతి అయ్యాక రెండు ప్రశ్నలు అడగండి. పిల్లలతో పేరు లేకుండా ఎప్పుడైనా రాయించారా, ఎవరు ఏడిపిస్తున్నారో, ఎక్కడ ఏడిపిస్తున్నారో? ఇంటర్వెల్‌లో ఆ చోట నిలబడే టీచరు ఎవరు? రెండో ప్రశ్నకు ఒక మనిషి పేరు చెప్పాలి, 'మేమంతా చూసుకుంటాం' అన్నది జవాబు కాదు.

వచ్చే ఎపిసోడ్‌లో మన హాస్టళ్ల చరిత్ర, వాటిని ఎవరు ఎవరి కోసం కట్టారో మాట్లాడుకుందాం. ఉంటానండీ.