ఆసుపత్రి కౌంటర్ దగ్గర వినిపించే మాటలు

నర్సీపట్నం ఏరియా ఆసుపత్రి అనగానే మనలో చాలామందికి డాక్టర్ సుధాకర్ గుర్తొస్తారు. 2020 ఏప్రిల్‌లో మాస్కులు చాలడం లేదని బయటికి చెప్పి సస్పెండైన దళిత మత్తు వైద్యుడు. మే నెలలో విశాఖ రోడ్డు మీద పోలీసులు ఆయన చేతులు వెనక్కి కట్టారు. హైకోర్టు సీబీఐ విచారణ వేసింది. ఏడాదికి ఆయన చనిపోయారు. డాక్టరు ప్రశ్నిస్తేనే అలా జరిగింది. గొలుగొండ నుంచో కొయ్యూరు నుంచో వచ్చిన కూలీ మనిషి తరఫున అడగడానికి వెళ్లే మనం, కనీసం అక్కడి మాటలకు అర్థం తెలుసుకుని వెళ్లాలి.

2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మార్చుకుంటోంది. ఇప్పుడది ఎన్టీఆర్ వైద్యసేవ. జనం మాత్రం ఆరోగ్యశ్రీ అనే అంటారు. పథకంతో ఒప్పందం ఉన్నది 'నెట్‌వర్క్ ఆసుపత్రి'. అయితే ఒకే ఆసుపత్రికి గుండె జబ్బులకు ఒప్పందం ఉండి, ఎముకలకు లేకపోవచ్చు. అందుకే "ఆరోగ్యశ్రీ ఉందా?" అని కాదు, "ఈ జబ్బుకు ఉందా?" అని అడగాలి. వైద్యానికి ముందు ట్రస్టు నుంచి తీసుకునే అనుమతి 'ప్రీ ఆథరైజేషన్'. అత్యవసరమైతే ఫోన్ మీదే తీసుకోవచ్చు. 'ప్యాకేజీ' అంటే ఆపరేషన్ ఖర్చు ఒక్కటే కాదు. పరీక్షలు, మందులు, భోజనం కూడా అందులోవే. కాబట్టి "ముందు కట్టండి, తర్వాత చూద్దాం" అంటే రసీదు అడగండి, 104కి ఫోన్ చేయండి.

ప్రైవేటు బీమాలో మనవాళ్లు ఎక్కువగా మోసపోయేది పేర్ల దగ్గరే. ఏడాదికి 20 రూపాయలు బ్యాంకు కోసుకునే సురక్షా బీమా ప్రమాదానికి మాత్రమే. జ్వరానికి, ఆపరేషన్‌కు పైసా రాదు. గ్రూపు అప్పుతో పాటు అంటగట్టే 'హాస్పిక్యాష్' ఆసుపత్రిలో ఉన్న రోజుకు ఇంత అని ఇస్తుంది, బిల్లు కట్టదు. 'వెయిటింగ్ పీరియడ్' అంటే పాలసీ తీసుకున్నాక ఫలానా జబ్బుకు డబ్బు రాని కాలం. ముందే ఉన్న షుగరు, బీపీలకు ఇది 3 ఏళ్లు దాటకూడదని 2024లో నిబంధన వచ్చింది. అంతకుముందు 4 ఏళ్లు. షుగరు ఉన్నా దాచిపెట్టమనే ఏజెంటు మాట వినకండి, క్లెయిమ్ పోయేది అక్కడే. 'కో-పే' 20 శాతమైతే లక్ష బిల్లులో 20 వేలు మనవే. గది అద్దెకు పరిమితి 3,000 ఉండగా 6,000 గది తీసుకుంటే, చాలా పాలసీల్లో డాక్టరు ఫీజు లాంటివి కూడా సగానికి కోస్తారు.

ఇక 'ఆయుష్'. ఆయుర్వేదం, యోగా-ప్రకృతి వైద్యం, యునాని, సిద్ధ, హోమియో కలిపి ఆ పేరు. వీటిని కూడా ఇంగ్లీషు వైద్యంతో సమానంగా చూడాలని బీమా నియంత్రణ సంస్థ 2024లో చెప్పింది. కానీ గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చేరితేనే. పసరు మందు, చెట్టు మందు ఇందులోకి రావు. మన ఊరి ఆర్ఎంపీ రాసిన చీటీ కూడా క్లెయిమ్‌కు పనికిరాదు. (ఆ మూడక్షరాల్లో మొదటిది 'రిజిస్టర్డ్'. చాలామందికి లేనిది అదే.)

ఇంకో తేడా ఉంది. మందుతో పాటు వాడేది 'కాంప్లిమెంటరీ', మందు మానేసి వాడేది 'ఆల్టర్నేటివ్'. నొప్పులకు నూనె మర్దనా చేయించుకుంటే పోయేదేం లేదు. టీబీ బిళ్లలు మధ్యలో ఆపి పసరు తాగితే జబ్బు మందుకు లొంగకుండా పోతుంది. పాము కాటుకు మంత్రం వేయించే గంటలోనే ప్రాణం పోవచ్చు. మా తాతల నాటి మూలికా జ్ఞానం మీద మాకు గౌరవమే, ఆసుపత్రి దూరమైన చోట అదే దిక్కయింది కూడా. షుగరు, క్యాన్సర్ నయం చేస్తామనే గోడ ప్రకటనలు వేరు. వాటిని 1954 నాటి చట్టమే నిషేధించింది.

క్లెయిమ్ కొట్టేస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. ముందు కంపెనీకే ఫిర్యాదు పెట్టండి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి.