చదరంగపు జాతీయ పోటీలు: ఏలూరు నుండి చెన్నపురి దాకా

ఏలూరు పేరు చెప్పగానే మనలో చాలమందికి తివాచీలు గుర్తుకు వస్తవి, ఆ పక్కనే కొల్లేరు గుర్తుకు వస్తుంది. భారతదేశపు చదరంగ జాతీయ పోటీ మొట్టమొదట జరిగినది ఆ ఊళ్ళోనే నని చెప్పితే వినేవారు తల పైకెత్తి మరొకసారి చెప్పమంటారు. చెన్నపురిలో చదరంగం మాట ఎత్తితే ఆనంద్ పేరు వస్తుంది, తాల్ క్లబ్బు పేరు వస్తుంది, ఈ నడుమ గుకేశ్ పేరు వస్తుంది. ఏలూరు పేరు మాత్రం రాదు. ఉగాది సంచికకు ఏదైనా వ్రాయవలసినదని సంఘంవారు అడిగినప్పుడు, మరుగున పడిన ఈ సంగతినే నలుగురికీ చెప్పుట మంచిదని మాకు తోచినది.

ఆ సంవత్సరం 1955. పొట్టి శ్రీరాములు గారు ఈ మదరాసులోనే నిరశనవ్రతంతో ప్రాణాలు విడిచి అప్పటికి మూడేండ్లు నిండలేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినది. మదరాసు మనకు దక్కలేదు. అంతవరకు స్వంత రాజధానిలోనే ఉన్నామనుకొన్న తెలుగు కుటుంబాలు, ఇల్లు మారకుండా, వీధి మారకుండా, ఒక్క రోజులో పొరుగు రాష్ట్రపు వారైనవి. అక్కడ కొత్త రాష్ట్రానికి రాజధాని కర్నూలులో, హైకోర్టు గుంటూరులో. కచేరీలకు కొంపలు వెదుక్కొనే రోజులు. అటువంటి సమయంలో బొంబాయి, కలకత్తా, మదరాసు వంటి మహానగరాలుండగా, దేశపు తొలి జాతీయ పోటీని ఒక జిల్లా కేంద్రంలో జరిపించినారంటే ఆంధ్రదేశపు చదరంగ ప్రియుల చొరవను మెచ్చుకొనవలసినదే.

అఖిల భారత చదరంగ సమాఖ్య పుట్టినది 1951లో. నాలుగేండ్లకు జరిగిన ఈ పోటీలో ప్రథమస్థానం ఇద్దరికి సమంగా వచ్చినది. ఒకరు మహారాష్ట్రకు చెందిన శ్రీ రామచంద్ర సప్రే; రెండవవారు, పేరును బట్టే మనవారని తెలిసే శ్రీ డి. వెంకయ్య. అంటే ఈ దేశపు మొట్టమొదటి జాతీయ విజేతల జంటలో ఒకరు తెలుగువారు. సి. కె. నాయుడు గారెవరని అడిగితే మన పిల్లలలో కొందరైనా చెప్పగలరు. వెంకయ్య గారెవరని అడిగితే పెద్దలమే ఒకరి ముఖం ఒకరం చూసుకొంటాము.

జాతీయ పోటీ అంటే ఒక కప్పు, ఒక ఛాయాచిత్రం, పత్రికలో నాలుగు పంక్తులు అని అనుకోరాదు. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య 1924లో పారిస్‌లో ఏర్పడినది. దేశాల జట్లు తలపడే ఒలింపియాడ్ 1927లో లండన్‌లో మొదలైనది. ఆ బల్లల ముందు కూర్చొనవలెనంటే ప్రతి దేశమూ నలుగురిని, వారికి తోడు ఒకరిద్దరిని ఎంచి పంపవలెను. ఎవరిని పంపుట? ఫలానా సంస్థానంలో ఫలానా వారికి ఎదురులేదట అనే వినికిడిని బట్టి జట్టును కట్టలేము. అందరినీ ఒక కప్పు క్రింద కూర్చోబెట్టి, ఒకే గడియారం ముందు ఆడించి, గెలుపునకు ఒకటి, సమానానికి అర చొప్పున లెక్క వేసి తేల్చుకొనవలసినదే. ఏలూరు పోటీ జరిగిన మరుసటి సంవత్సరమే, 1956లో, మాస్కో ఒలింపియాడ్‌లో భారత జట్టు మొదటిసారిగా అడుగుపెట్టినది.

ప్రస్తావవశాత్తు మరొక ముచ్చట. తెలుగునాటి సొమ్ము ప్రపంచ చదరంగంలో అంతకు పూర్వమే చేరినది. 1883లో లండన్‌లో గొప్ప అంతర్జాతీయ పోటీ జరిగినది. జోడు గడియారాలతో కాలాన్ని కొలిచిన తొలి పోటీగా దానిని చెప్పుకొంటారు. జుకర్టార్ట్ ప్రథముడుగా, స్టైనిట్జ్ ద్వితీయుడుగా వచ్చినారు. దానికి అనుబంధంగా రెండవ తరగతి ఆటగాళ్ళకు జరిపిన పోటీకి మన విజయనగరం పేరు పెట్టినారు. కారణం విజయనగరం మహారాజావారి విరాళం. అప్పుడు గద్దె మీద ఉన్నది ఆనంద గజపతి మహారాజావారు. ఆ పోటీలో గెలిచినవాడు ఇరువది రెండేండ్ల జర్మను యువకుడు బార్డెలెబెన్. ఆ కాలంలో ఆంధ్రదేశం నుండి ధనం వెళ్ళినది గాని ఆటగాడు వెళ్ళలేదు. ఆటగాడు వెళ్ళుటకు దారి అప్పటికి లేదు.

దారి లేకపోవుటకు ఆట తీరు కూడ ఒక కారణం. మన అరుగుల మీద ఆడిన చదరంగం, విదేశాలలో ఆడే చదరంగం పేరుకు ఒకటే గాని నడకలో వేరు. మన ఆటలో బంటు మొదటి ఎత్తులో సైతం ఒక గడియే కదులుతుంది. అక్కడ రెండు గడులు దూకవచ్చును. మన రాజు, శత్రువు బెదిరింపు తగలనంతవరకు, ఆటకొక్కసారి గుర్రం వలె ఎగురవచ్చును. అక్కడ ఏనుగుతో కలిసి కోట కట్టుకొంటాడు. మన బంటు చివరి వరుసకు చేరితే, ఏ నిలువు వరుసలో చేరినదో ఆ వరుసకు చెందిన బలగంగా మారుతుంది. అక్కడ తిన్నగా మంత్రి అయిపోతుంది. ఇందులోనూ ప్రాంతానికొక పద్ధతి. తాతగారి దగ్గర నేర్చుకొన్న ఆటతో ఊరంతటినీ ఓడించినవాడు, జాతీయ పోటీకి వచ్చి, మొదటి పది ఎత్తులలోనే తన గుర్రాలకు దారి మూసుకొని పోవుట ఆనాటి వారికి క్రొత్త కాదు. అతనికి తెలివి తక్కువై కాదు. ఆ ఆటకు సంబంధించిన పుస్తకం చేతికి చిక్కక.

ఆ పుస్తకం చేతికి చిక్కించుకొన్నవారు మదరాసువారు. ఇక్కడి చదరంగ సంఘం 1947 నాటిది. బర్మాలో పుట్టి తమిళదేశంలో పెరిగిన శ్రీ మాన్యుయల్ ఆరన్ 1959లో జాతీయ విజేత అయినారు. అది మొదలు 1981 లోగా తొమ్మిది సార్లు ఆ బిరుదు ఆయనకే దక్కినది. మన దేశపు ఆటగాళ్ళను పాత దేశీయ నియమాల నుండి అంతర్జాతీయ నియమాలకు మళ్ళించిన కీర్తి ఎక్కువగా ఆయనదే. 1961లో ఆస్ట్రేలియా మేటి సెసిల్ పర్డీని ఓడించి మండల విజేత అయినారు. ఇంటర్నేషనల్ మాస్టర్ బిరుదు పొందిన తొలి భారతీయుడు ఆయనే. మరుసటి ఏడు స్టాక్‌హోమ్‌లో ప్రపంచపు మేటి ఆటగాళ్ళ నడుమ కూర్చొన్నారు. ఆ పోటీని బాబీ ఫిషర్ గెలిచినాడు. ఆరన్ గారు పట్టికలో అట్టడుగున నిలిచినారు. అయినను హంగరీ దేశపు పోర్టిష్‌ను, జర్మనీ దేశపు ఉల్‌మాన్‌ను ఓడించి వచ్చినారు. అట్టడుగున నిలిచిన ఆ పట్టికను చూసి నవ్వేవారికి మేము చెప్పేది ఒకటే. ఆయన తరువాత మరొక భారతీయునికి, పరమకుడి నుండి వచ్చిన రవికుమార్‌కు, ఇంటర్నేషనల్ మాస్టర్ బిరుదు రావటానికి 1978 దాకా ఆగవలసి వచ్చినది.

1972లో మదరాసులోని సోవియట్ సాంస్కృతిక కేంద్రంలో తాల్ చదరంగ క్లబ్బు వెలిసినది. ప్రపంచ విజేతగా వెలిగిన మిహాయిల్ తాల్ పేరును దానికి పెట్టినారు. ఆరన్ గారు దానికి అండగా నిలిచినారు. బల్లలు, గడియారాలు, రష్యా నుండి వచ్చిన పుస్తకాలు, అన్నిటికంటె ముఖ్యంగా, రోజూ ఓడించేందుకు ఒక పెద్దవాడు: ఇవన్నీ ఒక చోట దొరికినవి. అక్కడికి తల్లి చేయి పట్టుకొని వచ్చిన పిల్లలలో విశ్వనాథన్ ఆనంద్ ఒకడు. పదునారేండ్ల వయస్సున జాతీయ విజేత అయి, 1988లో దేశపు మొదటి గ్రాండ్ మాస్టరు అయినాడు.

ఇక్కడ మా అభిప్రాయం దాచక చెప్పుతాము. ఏలూరులో పోటీ జరిగినది, సభ జరిగినది, బహుమతులు పంచినారు, ఎవరి ఊరికి వారు వెళ్ళినారు. మదరాసులో మరునాడు సాయంత్రం కూడ తలుపులు తెరచి ఉంచినారు. తేడా అంతా అక్కడే వచ్చినది. తొలి జాతీయ పోటీ నడిపిన ఆంధ్రదేశం నుండి ఒక గ్రాండ్ మాస్టరు బయలుదేరుటకు 46 సంవత్సరాలు పట్టినది. మనవారు ఉత్సవం చేయుటలో దిట్టలు. ఉత్సవం తరువాతి సోమవారం సంగతి ఎవరూ తలపెట్టరు. ఇది చదరంగానికే పరిమితమైన మాట కాదని మన సంఘంలో పనిచేసిన వారందరికీ తెలిసినదే!

జాతీయ పోటీ సాగిన విధానం కూడ చెప్పవలెను. దీర్ఘకాలం అది రెండు మెట్లుగా నడిచినది. 'బి' పోటీకి దేశం నలుమూలల నుండి వందలమంది వచ్చేవారు. అంతమంది ఒకరితో ఒకరు ఆడుట అసాధ్యం గనుక, సమానమైన పాయింట్లు ఉన్నవారిని జతకూర్చే స్విస్ పద్ధతిలో ఆడించేవారు. అందులో పై వరుసలో నిలిచిన కొద్దిమందే 'ఎ' పోటీకి అర్హులు. అక్కడ ప్రతివాడూ ప్రతివానితోనూ ఆడి తీరవలెను. తప్పించుకొనే దారి లేదు. ఆ పట్టికలో పైనున్న పేర్లను చూసే జట్టును కట్టేవారు. అందుచేత ఒక అర పాయింటు పోయినదంటే ఒక విదేశయాత్ర పోయినదన్నమాట. మూడవ తరగతి పెట్టెలో రెండు రాత్రులు ప్రయాణం చేసి, సత్రంలో దిగి, సెలవు దొరకక జీతం నష్టపడి ఆడిన గుమాస్తాకు ఆ అర పాయింటు విలువ ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు. స్త్రీలకు ప్రత్యేకంగా జాతీయ పోటీ 1974లో మొదలైనది. ఖాదిల్కర్ సోదరీమణులు ముగ్గురు ఆ తొలి సంవత్సరాలలో దానిని తమ ఇంటి సొత్తు చేసుకొన్నారు.

2001లో గుంటూరుకు చెందిన పెండ్యాల హరికృష్ణ, పదునైదేండ్ల వయస్సులో, గ్రాండ్ మాస్టరు అయినాడు. మరుసటి ఏడు కృష్ణా జిల్లా ఆడబిడ్డ కోనేరు హంపి ఆ బిరుదు పొంది, అంత చిన్న వయస్సులో దానిని సాధించిన స్త్రీ ప్రపంచంలో అంతవరకు లేదనిపించుకొన్నది. గుంటూరు నుండే ద్రోణవల్లి హారిక వచ్చినది. వీరి వెనుక మదరాసు వంటి క్లబ్బు లేదు. హంపికి గురువు తండ్రియే. బిడ్డ ఆట కొరకు ఆయన అధ్యాపకుని ఉద్యోగం వదలుకొన్నారు. క్లబ్బు చేయవలసిన పనిని ఒక్కొక్క ఇల్లు తన భుజాన వేసుకొన్నదన్నమాట. అంత త్యాగం చేయగల ఇళ్ళు ఎన్ని ఉంటవి? 2014లో నార్వేలోని ట్రామ్సోలో భారత పురుషుల జట్టు ఒలింపియాడ్ చరిత్రలో తన మొదటి పతకం, కాంస్యం, గెలిచినది. ఆ అయిదుగురిలో విజయవాడకు చెందిన లలిత్ బాబు ఒకడు. అతడే 2017లో జాతీయ విజేత.

నేడు జట్టును ఎంచుటలో జాతీయ పోటీ కంటె రేటింగుకే బరువు ఎక్కువ. సంవత్సరం పొడుగునా ప్రపంచమంతటా ఆడిన ఆటలను లెక్కించి వేసిన అంకె గనుక, పది రోజుల పోటీ కంటె అది నమ్మదగినదని వాదిస్తారు. వాదం కాదనలేము. కాని అగ్రశ్రేణివారు జాతీయ పోటీకి రాక మానివేస్తే, చిన్న ఊరి పిల్లవాడు వారి ఎదుట కూర్చొనేది ఎక్కడ? ఆ అవకాశం ఇచ్చేందుకైనా పోటీ బ్రతికి ఉండవలెనని మా కోరిక. 2022 ఆరంభంలో కాన్పూరులో జరిగిన జాతీయ పోటీ పట్టికను చూచినప్పుడు మాకు ఏలూరు గుర్తుకు వచ్చినది. ప్రథమస్థానానికి ముగ్గురు సమానమైనారు, పదకొండు ఆటలకు ఎనిమిదిన్నర పాయింట్లు. సమానం విడదీసే లెక్కలో మొదటివాడుగా తేలినవాడు వరంగల్లుకు చెందిన చిరంజీవి ఎరిగైసి అర్జున్. రెండవవాడు చెన్నపురిలో ఒక తెలుగు ఇంట పుట్టి పెరిగిన చిరంజీవి దొమ్మరాజు గుకేశ్. మూడవవాడు తమిళదేశపు ఇనియన్.

ఆ సంవత్సరమే రష్యాకు దక్కవలసిన ఒలింపియాడ్, యుద్ధం కారణంగా అక్కడ జరుగక, మహాబలిపురానికి వచ్చినది. మనలో చాలమంది పిల్లలతో వెళ్ళి చూచిన సంగతే గనుక వివరాలు అనవసరం. స్త్రీల జట్టుకు కాంస్యం వచ్చినది. హంపి, హారిక అందులో ఉన్నారు. నిండు గర్భిణిగా హారిక బల్ల ముందు కూర్చొనుట చూచినవారు మరువలేరు. గుకేశ్ ఆడిన రెండవ జట్టుకూ కాంస్యమే; మొదటి బల్ల మీద వ్యక్తిగత స్వర్ణం అతనిది.

రెండేండ్లకు, 2024 సెప్టెంబరులో, బుడాపెస్ట్‌లో భారత పురుషుల జట్టు 22 పాయింట్లకు 21 సంపాదించి మొదటిసారి ఒలింపియాడ్ స్వర్ణం గెలిచినది. స్త్రీల జట్టుకూ స్వర్ణమే. అందులో హారిక ఉన్నది. పురుషుల జట్టులో అయిదుగురు: గుకేశ్, ప్రజ్ఞానంద, అర్జున్, విదిత్, హరికృష్ణ. అయిదుగురిలో ముగ్గురు తెలుగువారు. ఒకరు గుంటూరు, ఒకరు వరంగల్లు, ఒకరు చెన్నపురి. వెంకయ్య గారు ఏలూరులో ప్రథమస్థానం పంచుకొన్న 69 సంవత్సరాలకు వచ్చినది ఈ జట్టు.

ఆ డిసెంబరు 12న సింగపూరులో చైనా దేశపు డింగ్ లిరెన్‌ను ఏడున్నర–ఆరున్నర పాయింట్లతో ఓడించి, పదునెనిమిదేండ్ల గుకేశ్ ప్రపంచ విజేత అయినాడు. అతడు తమవాడని ఇక్కడివారు, మావాడని అక్కడివారు పత్రికలలో వాదులాడుకొన్నారు. అతని పూర్వుల ఊరు సత్యవేడు ప్రాంతంలో ఉన్నది. పటాస్కర్ గారి తీర్పు ననుసరించి 1960 ఏప్రిల్ 1న రెండు రాష్ట్రాలు సరిహద్దు గ్రామాలను మార్చుకొన్నప్పుడు, తిరుత్తణి అటు పోగా, చెంగల్పట్టు జిల్లా నుండి విడివడి ఆంధ్రకు వచ్చినది ఆ సత్యవేడు.