కూనూరు త్రాసు

నీలగిరులలోని కూనూరున, పాస్చరు సంస్థకు చెందిన ఒక గదిలో 1918 వ సంవత్సరమున రాబర్టు మెకారిసను దొర బెరిబెరి వ్యాధినిగూర్చి పరిశోధన మారంభించెను. ఆ గదియే క్రమముగా పెరిగి పోషకాహార పరిశోధనశాల యయ్యెను. 1958లో హైదరాబాదునకు తరలివచ్చెను. 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను నామము ధరించెను. తార్నాక మీదుగా పోవువారిలో, ఆ సంస్థలో జరిగిన పనికిని తమ యింటి కంచమునకును గల సంబంధమును తలచువారు కొలది. తొలినాళ్ళలో మన జనుల బరువు పెరుగు మార్గమును వెదకిన ఆ సంస్థయే నేడు బరువు తగ్గు మార్గమును బోధించుచున్నది. ఈ నూరేండ్లలో త్రాసు ముల్లు ఇటునుండి అటు ఎట్లు మొగ్గెనో చెప్పుట మా యుద్దేశము.

బెరిబెరి మనకు పరాయి రోగము గాదు. మాల్కంసన్ అను చెన్నపట్టణపు సైనికవైద్యుడు 1835లోనే దానినిగూర్చి గ్రంథము వ్రాసెను. ఉత్తర సర్కారుల తీరమున ఆ వ్యాధి పాతుకొని యుండెను. కాళ్ళు తిమ్మిరెక్కి, నీరుపట్టి, గుండె యలసి మనుష్యుడు కూలిపోవును. విచిత్రమేమనగా, అదే రాజధానిలోని తమిళ జిల్లాలలో వరియన్నమే తినువారికి ఇది యరుదు. వారు వడ్లను ఉడికించి యెండబెట్టి చేసిన యుప్పుడు బియ్యము తినుచుండిరి. మనవారికి పచ్చిబియ్యమే ప్రీతి. వడ్లుడుకునప్పుడు పైపొరలోని సత్తువ కొంత గింజలోనికి దిగును. పిమ్మట మరలో నెంత పాలిషు పట్టినను అది పూర్తిగా పోదు. పచ్చివడ్లను మరలో వేసినచో నది తవుడుతో కూడ పశువుల తొట్టికి పోవును. మిగిలిన గింజను మనము మూడు నీళ్ళు కడిగి, గంజి వార్చి, మల్లెపూవువంటి యన్నమని మురియుదుము! జావాద్వీపమున ఐక్‌మన్ పండితుడు 1890 ప్రాంతమున కోళ్ళయందు కనిపెట్టినదియు నీ తవుడు మహిమయే. అందులకు ఆయనకు 1929లో నోబెలు బహుమాన మీయబడెను.

కావున దంపుడు బియ్యమునే తినుడని పండితులు చెప్పిరి. మాట మంచిదే. కాని దంచువా రెవరు? కోడికూతకు ముందే లేచి రోలు చుట్టు నిలిచిన స్త్రీలకు మర వచ్చుట బరువు దిగుటయే. వారు సంతోషించిరన్న దానిని అజ్ఞానమని యెంచరాదు. సభలలో దంపుడు బియ్యమును స్తుతించిన పెద్దలలో రోకలి పట్టినవారిని మేమింతవరకు వినలేదు. ఆహారశాస్త్రము కంచములోని పదార్థమును తూచెను గాని, దానిని వండు చేతిని చాలకాలము తూచలేదు.

మెకారిసను దొర మన దేశపు వివిధ ప్రాంతముల భోజనములను ఎలుకలకు పెట్టి వాని బరువులను పోల్చెను. గోధుమరొట్టె, పాలు, వెన్న, పప్పులు, కూరగాయలు గల సిక్కుల భోజనమును తిన్న యెలుకలు అన్నిటికంటె బాగుగా పెరిగెను. చెన్నరాజధాని వరియన్నపు భోజనమును తిన్నవి కడపట నిలిచెను. నాటి తెలుగువారిలో పెక్కుండ్రు ఆ రాజధానివారే గదా! ఆ దినములలో బరువనగా బలము, సందేహము లేదు. 1935లో ఆయన స్థానమునకు వచ్చిన ఐక్రాయిడ్ దొర మన ధాన్యములను, ఆకుకూరలను, పండ్లను పరీక్షింపజేసి 1937లో వాని పోషకవిలువల పట్టికలను ప్రకటించెను. పెరటి మునగాకునకును తోటకూరకును అట్లు శాస్త్రగౌరవము కలిగినది.

పిమ్మట కాలము మారినది. 1983లో ఆంధ్రప్రదేశమున కిలో రెండు రూపాయల బియ్యము వచ్చెను. ఆకలి తీర్చిన పథకమును నిందించుట మాకు సమ్మతము గాదు. అయినను జొన్నరొట్టెయు, రాగిసంకటియు, కొఱ్ఱన్నమును తినుచుండిన యిండ్లలోనికి మరపట్టిన తెల్లబియ్యము మఱింత చొచ్చుకొనివచ్చెను. నాగలి, కావడి, తిరుగలి ఒక్కొక్కటే మూలబడెను. పొలమున పాటుపడిన తాతగారి యన్నపురాశి మాత్రము, కుర్చీలో కూర్చుండు మనుమనికి వారసత్వముగా సంక్రమించెను. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశమున 15-49 ఏండ్ల స్త్రీలలో నూటికి 36 మంది అధికబరువు గలవారని తేలినది. ఆ స్త్రీలలోనే సగమునకు మించి రక్తహీనత కలదు. ఒకే దేహమున క్రొవ్వును కొఱతయు కాపురము చేయుచున్నవి.

త్రాసు కూడ ఒక్కొక్కప్పుడు అబద్ధమాడును. ఎత్తును బట్టి బరువును లెక్కించు సూచికను బెల్జియము పండితుడు కెట్లే 19వ శతాబ్దిలో కల్పించెను. 2004లో పూనా వైద్యుడు యాజ్ఞిక్ గారును, ఆంగ్లేయ వైద్యుడు యుడ్కిన్ గారును తమ దేహములనే యుదాహరణముగా చూపిరి. ఇరువురి సూచికయు 22.3. కాని దేహమున క్రొవ్వు ఆంగ్లేయునకు నూటికి 9.1 పాళ్ళు, మన వైద్యునకు 21.2. చూచుటకు సన్నము, లోన క్రొవ్వు! ఇట్టి కారణములచేతనే మన దేశపు వైద్యులు 2009లో, సూచిక 23 చేరినప్పుడే మేలుకొనవలెననియు, నడుము కొలత పురుషునకు 90, స్త్రీకి 80 సెంటీమీటర్లు దాటరాదనియు నిర్ణయించిరి.

ఇక వంట చేతి మాట. 2015 జనవరి 1న తెలంగాణమున ఆరోగ్యలక్ష్మి పథకము మొదలయ్యెను. గర్భిణులకును బాలెంతలకును అంగన్‌వాడీలోనే అన్నము, పప్పు, ఆకుకూర, గ్రుడ్డు, పాలు పెట్టుదురు. ఇంటికి పంపిన సరకు ఇంటిల్లిపాదికి పంచబడును; కడపట తల్లికి గిన్నె యడుగు మిగులును. అక్కడనే తినుమనుటలో గల మర్మ మిదియే. మన యిండ్లను తెలిసినవారు చేసిన యేర్పాటని మా యభిప్రాయము.

బరువు తగ్గుటకు సలహా చెప్పువారిలో నింత తెలివి అన్నిచోట్ల కానరాదు. మేమెఱిగిన యొక గృహిణికి ఒక వైద్యశాలలో ఓట్సు, ఆలివునూనె వ్రాసిన కాగిత మిచ్చి పంపిరి. ఆమె దానిని పోపులడబ్బా క్రింద పఱచెను. కొన్ని మాసములకు వేరొకచోట నొక యువతి, పథ్యము చెప్పుటకు ముందు, "మీ యింట నెలకు నూనె యెంత యగును?" అని యడిగెను. నలుగురికి ఆఱు కిలోలు. పెద్దవారికి దినమునకు 25 గ్రాముల చొప్పున లెక్కించినను నలుగురికి నెలకు మూడు చాలును. ఆమె తలవంచుకొనెను.

"రాత్రి తామెప్పుడు తిందురమ్మా?"

"అందఱును తిన్న పిమ్మట. పదిగంట లగును. మిగిలినది పాఱవేయ మనసొప్పక, అదియు నేనే తిందును."

ఆ యువతి కలము క్రింద పెట్టి, బయట బల్లపై కూర్చున్న భర్తను, కుమారుని లోనికి పిలిచి, మఱి రెండు కుర్చీలు వేయించెను.